వంటింటి లైటు తీసేశాక

కొత్తగా ఫ్లాటు కొనుక్కున్నవాళ్లు లోపలి పనులు మొదలయ్యే ముందు ఎలక్ట్రీషియన్‌ను వెంటబెట్టుకుని గదిగదీ తిరుగుతారు. ఫ్యాను పాయింటు ఇక్కడ, ఏసీ పాయింటు అక్కడ, దేవుడి గూటికి చిన్న బల్బు ఒకటి అంటూ గోడల మీద పెన్సిలుతో గుర్తులు పెట్టిస్తారు. ఈమధ్య ఆ గుర్తుల్లో కొత్తగా ఒకటి చేరింది. హాలు నడిమధ్య సీలింగులో ఒక ప్లగ్గు, గోడలోంచి కేబుల్ లాగడానికి ఒక గొట్టం. ఇదెందుకని అడిగితే ‘ప్రొజెక్టర్‌కండీ’ అంటారు. ఇంకా కొనలేదు. ఏది కొనాలో తేల్చుకోనూ లేదు. చోటు మాత్రం ముందే ఉంచుకుంటున్నారు.

టీవీ కొనడం తేలికే. దుకాణంలో పక్కపక్కనే పెట్టి వెలిగిస్తారు. చూడగానే ఏది బాగుందో తెలిసిపోతుంది. ఇంటికి తెచ్చుకున్నాక కూడా దాదాపు అలాగే ఉంటుంది. ప్రొజెక్టర్‌తో ఆ సుఖం లేదు. దుకాణం వెలుతుర్లో ఎంత మంచి యంత్రమైనా పాలిపోయి కనిపిస్తుంది. అది ఎలాంటిదో తెలిసేది మన ఇంట్లోనే, అదీ రాత్రిపూట. అందుకని కొనేవాళ్లు కళ్లను పక్కన పెట్టి అంకెలను నమ్ముకుంటారు. ఎవరిని అడిగినా మొదట చెప్పే అంకె ల్యూమెన్లు.

ల్యూమెన్లంటే యంత్రం వెదజల్లే వెలుతురు లెక్క. బొమ్మను తొమ్మిది గళ్లుగా విడదీసి, ఒక్కో గడిలో వెలుతురు కొలిచి, సగటు కట్టి, దాన్ని బొమ్మ వైశాల్యంతో గుణించడం ఆన్సీ (ANSI) పద్ధతి. ఏడెనిమిది వేల రూపాయలకు దొరికే బుల్లి ప్రొజెక్టర్ల అట్టపెట్టెల మీద కనిపించే పదివేలు, పదిహేనువేలు ఇలా కొలిచి చెప్పినవి కావు. అవి అరచేతిలో వైకుంఠం చూపించే అంకెలు. ‘1080పి సపోర్ట్’ అన్నదీ అంతే. ఆ నాణ్యత ఉన్న సినిమాను యంత్రం లోపలికి తీసుకోగలదని మాత్రమే దాని అర్థం. లోపలి పలక నిజంగా ఎన్ని చుక్కలు చూపగలదో తెలియాలంటే ‘నేటివ్ రిజల్యూషన్’ అన్నచోట చూసుకోవాలి.

ఈ లెక్కల్లో నాకు బాగా నచ్చింది ఒకటుంది. సినిమా హాలు తెర మీద తెలుపు ఎంత వెలగాలన్నదానికి డిజిటల్ హాళ్లు పాటించే ప్రమాణం చదరపు మీటరుకు 48 కాండెలాలు. ఇంట్లో వంద అంగుళాల తెర అంటే ఏడుంబావు అడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు. మామూలు తెల్ల తెర మీద ఆ మాత్రం వెలుగు రావడానికి కావలసింది లెక్క ప్రకారం సుమారు 415 ల్యూమెన్లే. రంగులు సరిదిద్దుకున్నాక వెలుతురు కొంత తగ్గుతుంది, దీపం పాతబడితే ఇంకొంత తగ్గుతుంది. అవన్నీ కలుపుకున్నా, నిజంగా కొలిచిన వెయ్యి, పదిహేను వందల ల్యూమెన్ల యంత్రం చీకటి గదికి హాయిగా సరిపోతుంది. అంతకు మించి ఎక్కువ అవసరమయ్యేది మన గదిలో వెలిగే దీపాలతో పోటీ పడటానికే.

48 కాండెలాలు ఎంత తక్కువంటే, మన చేతిలో ఫోను దానికి పదింతలు వెలగగలదు. అయినా హాల్లో తెర మనకు ధగధగలాడుతూ కనిపిస్తుంది. కళ్లు చీకటికి అలవాటు పడటమే దానికి కారణం. పూర్తిగా అలవాటు పడటానికి అరగంట దాకా పడుతుంది. పాత హాళ్లలో ఆలస్యంగా వచ్చినవాళ్లకు టార్చిలైటు నేల మీదికి వేసి సీటు చూపించే మనిషి ఉండేవాడు. ఎవరైనా తలుపు దగ్గరి పరదా తొలగించి ఒక్క క్షణం అలాగే నిలబడితే చాలు, లోపల కూర్చున్నవాళ్లంతా ‘పరదా, పరదా’ అని కేకలు వేసేవాళ్లు. అంతమంది కలిసి చీకటిని కాపాడుకునేవాళ్లు.

ఎందుకంటే ప్రొజెక్టర్ వెలుతురును పంపగలదు గానీ చీకటిని పంపలేదు. తెర మీద నలుపు అనుకుంటున్నది, యంత్రం దాదాపు ఏమీ వెయ్యకుండా వదిలేసిన చోటు. ఆ చోట గది ఎంత నల్లగా ఉంటే బొమ్మలో నలుపూ అంతే. ట్యూబులైటు వెలుగుతున్న హాల్లో కథానాయకుడి జుట్టు కూడా బూడిదరంగే. డబ్బు పెట్టి కొనుక్కోగలిగేది బొమ్మలో తెల్లటి భాగం వరకే. నల్లటి భాగం ఇల్లే ఇవ్వాలి.

1957లో వచ్చిన మాయాబజార్‌లో పడవ పాట గుర్తుందా? ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లే ఉత్త నలుపు తెలుపుల్లోనే వెన్నెల పరిచారు. నీటి మీద మెరుపు, చుట్టూ మసక, ముఖాల మీద మెత్తటి కాంతి. హాల్లో లైటు ఉండగా ఆ పాట వేస్తే అదొక మబ్బు పట్టిన మధ్యాహ్నం. లైటు తీసేస్తే అదే యంత్రంతో, అదే గోడ మీద వెన్నెల వచ్చేస్తుంది. ప్రొజెక్టర్ ఎంచుకునేవాళ్లు ఎవరింట్లోనైనా పరీక్షగా చూడాలనుకుంటే, పోరాటాలూ పేలుళ్లూ కాదు, ఈ పాట వేయించుకుని చూడమంటాను.

లోపల జరిగేది తలుచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. డీఎల్‌పీ రకం యంత్రంలో ఒక చిన్న చిప్పు, దాని మీద కంటికి కనిపించనంత చిన్న అద్దాలు. ఒక్కో చుక్కకు ఒక్కో అద్దం చొప్పున 1080పి చిప్పులో 20 లక్షల పైచిలుకు. ప్రతి అద్దమూ సెకనుకు వేలసార్లు అటూ ఇటూ వాలుతూ వెలుతురును తెర వైపో పక్కకో మళ్లిస్తుంది. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్‌లో లారీ హార్న్‌బెక్ 1987లో దీన్ని కనిపెట్టారు. సినిమా హాళ్లు రీళ్లను వదిలి డిజిటల్‌కు మళ్లడంలో ఆ పనికి ఉన్న పాత్రను గుర్తించి 2015లో ఆస్కార్ అకాడమీ ఆయన్ను సత్కరించింది.

ఎప్సన్ వాళ్లు వాడే త్రీఎల్‌సీడీ రకం వేరు. ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులను మూడు పలకల గుండా విడివిడిగా పంపి చివర్న ఒకటిగా కలుపుతుంది. ఇంట్లో వాడే డీఎల్‌పీ యంత్రాల్లో చిప్పు ఒక్కటే కనుక రంగులు ఒకదాని వెంట ఒకటి వస్తాయి. అది కొందరి కళ్లకు మాత్రం, చూపు పక్కకు తిప్పినప్పుడు, తెల్లటి అంచుల దగ్గర ఇంద్రధనుస్సు తునకలుగా కనిపిస్తుంది. అందరికీ కనిపించదు. అందుకని వీలైతే కొనే ముందు ఇంటిల్లిపాదినీ ఒకసారి కూర్చోబెట్టి చూపించడం మంచిది. నలుగురి కోసం తెచ్చుకునే వస్తువు ఒక్కరికి తలనొప్పి తెచ్చినా దాన్ని తెచ్చుకున్న సంతోషం మిగలదు.

తెర మీద బొమ్మ నిలబెట్టే పనంతా ఒకప్పుడు మనిషి చేసేవాడు. హాలు వెనక వేడి గదిలో రెండు ప్రొజెక్టర్లు. రెండువేల అడుగుల రీలు ఇరవై నిమిషాలు దాటి కాసేపు ఆడేది. అది అయిపోవస్తుంటే తెర పై మూల కుడివైపు ఒక చుక్క మెరిసి మాయమయ్యేది. ఆపరేటరు దాన్ని చూసి రెండో యంత్రాన్ని నడిపించేవాడు. ఈ లోపల వెలుగునిచ్చే కార్బన్ కడ్డీలు కాలి తరిగిపోతుంటే వాటి మధ్య ఎడం సరిచేస్తూ ఉండాలి. వెలుగు కాస్త మందగిస్తే నేలక్లాసు నుంచి ఈలలు. మనం హాయిగా కథలో మునిగి ఉన్నంతసేపూ ఆయన తెర మూల వైపు చూస్తూ ఉన్నాడన్న సంగతి చాలామందికి తెలియనే తెలియదు. ఇప్పటి లేజర్ యంత్రాలకు ఆయువు ఇరవై వేల గంటలని చెబుతారు. రోజూ రెండు గంటలు చూసినా ఇరవయ్యేడేళ్లు. బల్బు రకమైతే నాలుగైదు వేల గంటలకు ఒకసారి మార్చుకోవాలి. కరెంటు పోతే లోపలి ఫ్యాను ఆగి బల్బు ఉడికిపోకుండా ఇన్వర్టర్‌కు కలుపుకోవాలి.

మన ఇళ్లలో ప్రొజెక్టర్ దారికి అడ్డొచ్చేది సీలింగు ఫ్యాను. విదేశాల్లో రాసే సూచనల్లో దీని ఊసు పెద్దగా కనిపించదు. మామూలు యంత్రం వంద అంగుళాల బొమ్మ వెయ్యడానికి పది, పదకొండు అడుగుల దూరం కావాలి. ఆ దూరంలో పైకప్పుకు బిగిస్తే, దానికీ తెరకూ మధ్య సరిగ్గా ఫ్యాను వస్తుంది. రెక్కలు తిరిగినంతసేపూ బొమ్మ రెపరెపలాడుతుంది. ఎండాకాలం ఫ్యాను ఆపి సినిమా చూడమని ఎవరిని అడగగలం? యంత్రాన్ని పొడవాటి రాడ్డుతో ఫ్యాను కిందికి దించాలి, లేదా ఫ్యానుకు ఇవతలే బిగించి దగ్గర్నుంచి వేసే షార్ట్ త్రో రకం తీసుకోవాలి. గోడకు అడుగు దూరంలో బల్ల మీద పెట్టే అల్ట్రా షార్ట్ త్రో రకమూ ఉంది. చిన్న ఇళ్లకు అది బాగుంటుంది గానీ ధర ఎక్కువ, గోడలో ఏమాత్రం ఎత్తుపల్లం ఉన్నా పట్టిచ్చేస్తుంది. పక్కనుంచి వంకరగా వేసి కీస్టోన్ అనే సర్దుబాటుతో సరిచేసుకోవచ్చని కొందరంటారు. అలా దిద్దినప్పుడల్లా కొన్ని చుక్కలు వృథా అయి బొమ్మ మెత్తబడుతుంది. ఓపిగ్గా యంత్రాన్నే తిన్నగా పెట్టుకోవడం మేలు.

ఇక చీకటి. కిటికీలకు మందపాటి పరదాలు వేస్తే వీధి దీపం ఆగుతుంది. అక్కడితో అయిపోదు. తెర మీద పడ్డ వెలుతురే తెల్లటి గోడలకూ పైకప్పుకూ తగిలి, తిరిగొచ్చి తెర మీది నలుపును చెరిపేస్తుంది. సినిమా హాళ్ల గోడలు ముదురు రంగులో ఉండేది ఇందుకే. అలాగని ఇంటి హాలుకు నల్లరంగు వేస్తామంటే పెద్దవాళ్లు ఒప్పుకోరు, వాళ్ల మాట కాదనడం కూడా బాగోదు. తెరకు దగ్గర్లో ఉన్న పక్కగోడలకూ పైకప్పుకూ మాత్రం మెరుపు లేని ముదురు నీలమో మెరూనో వేసుకుంటే చాలా మేలు. దేవుడి గూట్లో నూనెదీపం సంగతా? దాన్ని అలాగే ఉండనివ్వండి. ఆ వెలుగు వల్ల పోయేదేమీ లేదు.

అన్నీ కుదిరాక మిగిలేది వంటింటి లైటు.

మన ఫ్లాట్లలో హాలుకూ వంటింటికీ మధ్య చాలాచోట్ల తలుపుండదు. రాత్రి తొమ్మిది దాటినా అక్కడ లైటు వెలుగుతూనే ఉంటుంది. గిన్నెలు సర్దాలి. పాలు తోడెయ్యాలి. రేపటి ఇడ్లీకి పప్పు రుబ్బాలి. గట్టు తుడవాలి. టీవీకి ఆ లైటుతో పేచీ లేదు, అది అంతకంటే గట్టిగా వెలుగుతుంది. అందుకే టీవీ వచ్చాక వంటింట్లో మనిషి కోసం సినిమా ఆగడం మానేసింది. ‘మీరు పెట్టుకోండి, నాకు వినిపిస్తూనే ఉందిలే’ అనేది అమ్మ. పోపు చిటపటల మధ్య మాటలు వినేది. పాటొస్తే కొంగుకు చెయ్యి తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చి, నిలబడే ఒక చరణం చూసి, మళ్లీ లోపలికి. ఎన్ని ఇళ్లలో ఎందరు అలా సినిమాలు విన్నారో.

ప్రొజెక్టర్ దగ్గర అది కుదరదు. వంటింట్లోంచి హాల్లోకి పడే ఆ కాస్త వెలుతురు చాలు, వెన్నెల మాయమైపోవడానికి. లైటు తీస్తే గానీ బొమ్మ లేదు, పని తెమిలితే గానీ లైటు తియ్యడం లేదు. ప్రొజెక్టర్ పెట్టుకున్న ఇళ్లలో దీని ఫలితం చూశాను. సోఫాలో సర్దుకుని కూర్చున్నవాళ్లు కాసేపు ఎదురుచూస్తారు. తర్వాత ఒకరు లేచి వెళ్లి గిన్నెలు తుడుస్తారు. ఇంకొకరు మంచినీళ్ల సీసాలు నింపుతారు. పిల్లవాడు చెత్తబుట్ట బయట పెట్టి వస్తాడు. ఎవరూ ఎవరికీ చెప్పరు. బొమ్మ పడాలి కాబట్టి చేస్తారు. ఆఖర్న ఆ ఇంటావిడే లైటు తీసి, తడి చేతులతో వచ్చి అందరితోపాటు కూర్చుంటుంది. మొదటి సీను నుంచీ చూస్తుంది.

పూర్వం ఊళ్లలో ఇలాగే ఉండేది. తోలుబొమ్మలాట వాళ్లు తెల్లటి పంచె తెరగా కట్టి, వెనక ఆముదం దీపాలు పెట్టి, ఊళ్లో భోజనాలయ్యాకే ఆట మొదలుపెట్టేవాళ్లు. ఇక తెల్లవార్లూ ఆడేవాళ్లు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఆ బొమ్మలు చేసే కుటుంబాలు ఇప్పటికీ ఉన్నాయి. తర్వాత టూరింగ్ టాకీసులు వచ్చాయి. గుడ్డ డేరాలోకి పగటి వెలుతురు చొరబడుతుంది కనుక పొద్దుగూకితే గానీ ఆట లేదు. మైకులో ఘంటసాల పాడిన వెంకటేశ్వరస్వామి పాట వినిపిస్తే ఇక బొమ్మ వేసేస్తారని ఊరికంతటికీ తెలిసేది. ఆ పాట అయ్యేలోపు అన్నం వార్చి, పిల్లలకింత పెట్టి, తలుపులు దగ్గరికి వేసి పరుగున వెళ్లేవాళ్లు. అప్పటికీ తెమలనివాళ్లు రెండో ఆటకు వెళ్లేవాళ్లు.

హాళ్లు కట్టాక పగలే చీకటి దొరికింది. బందరులో పుట్టి, మద్రాసులో ఫొటో స్టూడియో నడిపిన రఘుపతి వెంకయ్య 1914లో అక్కడే గెయిటీ థియేటర్ కట్టారు. బెజవాడలో 1921లో మారుతి టాకీస్ వచ్చింది. పగటి ఆటలు వచ్చాక మ్యాట్నీ ఆడవాళ్లదయింది. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, ఇరుగమ్మనూ పొరుగమ్మనూ కలుపుకుని వెళ్లి, సాయంత్రం పిల్లలు బడి నుంచి వచ్చే వేళకు ఇల్లు చేరేవాళ్లు. మూడు గంటలు ఎవరూ పిలవని చీకట్లో కూర్చోవడం వాళ్లకెంత విశ్రాంతో ఆ వయసులో మనకు తెలియలేదు.

అమెరికాలో మనవాళ్ల ఇళ్లు చూసొచ్చిన పెద్దవాళ్లు అక్కడి హోం థియేటర్ల గురించి చెబుతుంటారు. న్యూజెర్సీ వైపు నేలమాళిగలో, టెక్సాస్ వైపు మేడ మీద మీడియా రూములో, చుట్టూ స్పీకర్లు, వెనక్కి వాలే కుర్చీలు. చీకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. బొమ్మ నిజంగా బాగుంటుంది. అయితే వంటిల్లు ఒక అంతస్తులో, సినిమా ఇంకో అంతస్తులో ఉండటం వల్ల ఎవరి పనీ తెమిలేదాకా ఎవరూ ఆగనక్కర్లేదు. ఆ సదుపాయం అక్కర్లేదని కాదు గానీ, నా మనసు మాత్రం వంటింటిని ఆనుకున్న ఇరుకు హాలు వైపే మొగ్గుతుంది.

ఒకటి రెండు పనికొచ్చే మాటలు. హాళ్లలో స్పీకర్లు సన్నటి చిల్లులున్న తెర వెనక ఉంటాయి, అందుకే మాట నటుడి నోట్లోంచే వచ్చినట్టుంటుంది. ఇంట్లో ప్రొజెక్టర్‌లోని స్పీకరు వాడితే అది వీపు వెనక నుంచి వస్తుంది. తెర కింద చిన్న సౌండ్‌బార్ పెట్టి, బ్లూటూత్‌తో కాకుండా వైరుతో కలుపుకుంటే పెదాలకూ మాటకూ పొత్తు కుదురుతుంది. తెర కొనడానికి తొందర లేదు, నున్నటి గోడకు మెరుపు లేని తెల్లరంగు వేసినా మొదటి ఏడాది గడిచిపోతుంది. మాయాబజార్ వేస్తే తెరకు అటూ ఇటూ ఖాళీ మిగులుతుంది. తెలుగులో తొలి సినిమాస్కోపు, 1974 నాటి అల్లూరి సీతారామరాజు వేస్తే పైనా కిందా మిగులుతుంది. రెండూ సహజమే, బొమ్మను సాగదీసి నింపకండి. పది నుంచి పదమూడు అడుగుల దూరంలో కూర్చునేలా చూసుకోండి. తెర మరీ ఎత్తున పెడితే పెద్దవాళ్ల మెడ నొప్పి పెడుతుంది.

మొదట ఏ సినిమా వెయ్యాలన్నది ఇంట్లోవాళ్లు తేల్చుకోవాలి. తాతగారు పాతాళభైరవి అంటారు. పిల్లలు మొన్న మొన్న వచ్చినదేదో చెబుతారు. లైటు తీసొచ్చి కూర్చున్నావిడను అడిగి చూడండి. మాటలన్నీ నోటికొచ్చి, బొమ్మ మాత్రం సరిగ్గా చూడని సినిమాలు ఆవిడకు చాలానే ఉంటాయి.